ఏడో అధ్యాయంలో లోపం

“హీరో విమానం రెక్క మీంచి పడవలోకి దూకాడు చూడండీ, అక్కడ మీకు దణ్ణం పెట్టాలి!” అంది భార్య, కుట్టుమిషన్ తొక్కుతూనే.

రచయితగారి ముఖం చేటంతయింది. ఆమె నడిపే ఆ చిన్న దర్జీ కొట్టులో, మూలనున్న స్టూలు మీదే కూర్చుని అతను తన గూఢచారి నవలంతా రాశాడు. ఇంతకుముందు రాసినవన్నీ వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. ఇది కూడా బాగుండకపోతే ఇక తన గుమ్మం ఎక్కొద్దని ప్రచురణకర్త మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే అతనికి కాలు నిలవడం లేదు.

“మరి లోపాలో?”

“ఒక్కటే. ఏడో అధ్యాయం తీసెయ్యండి.”

అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. నవలకు ప్రాణం అదే. అందులో గూఢచారులు రహస్యాలను కోటు లోపలి గుడ్డలో, అంటే అస్తరులో దాచి, ఒక దర్జీ కొట్టు ద్వారా చేరవేస్తారు.

“అసలు కొత్తదనమే అది కదే! తుపాకులూ పడవలూ అందరూ రాసేవే. మాటిమాటికీ అదే కోటు సరిచేయించుకోవడానికి తెస్తాడే మన బట్టతల పెద్దాయన, ఆయన్ని చూసే తట్టింది నాకు.”

“పాపం, ఆయనకి ఒళ్ళు వస్తూ పోతూ ఉంటుంది. దాన్నీ కథ చేశారూ?” ఆమె పకపకా నవ్వింది. “అస్తరులో కాగితం పెడితే ఇస్త్రీపెట్టె తగలగానే గరగరలాడదూ? పప్పులో కాలేశారు. దర్జీ కొట్టు తీసేసి జూదశాల పెట్టండి. అద్దాల మేడ, రంగు దీపాలు, గుమ్మంలో ఇద్దరు వస్తాదులు. పుస్తకం పరుగెడుతుంది.”

అతనికి ఏడుపొక్కటే తక్కువ. అయితే అతని రాతల్ని ఆవలించకుండా చివరిదాకా చదివే మనిషి లోకంలో ఆమె ఒక్కతే. పైగా కుట్టుపని గురించి ఆమెకి తెలియంది తనకేం తెలుసు? ఉసూరుమంటూ ఏడో అధ్యాయాన్ని చింపి చెత్తబుట్టలో పడేశాడు. దాని స్థానంలో జూదశాల వెలిసింది.

రాతప్రతి పంపిన వారం తిరక్కుండానే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. “ఏం రాశారండీ! ఆ జూదశాల అధ్యాయం ఒక్కటి చాలు. వెంటనే అచ్చుకి ఇచ్చేస్తున్నా.”

రచయిత కొట్టులోనే గంతులేశాడు. గజంబద్ద కిందపడింది, బొత్తాల డబ్బా బోర్లాపడింది.

“నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణే!”

“చాల్లెండి సంబడం! ముందు వెళ్ళి మీ అన్నయ్యకి చెప్పి రండి. ఎప్పుడూ ఎగతాళి చేస్తారుగా.”

అతను ఈల వేసుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా ఆమె ముచ్చటగా చూస్తూ నిలబడింది. భర్త సంతోషం చూస్తే ఆమెకూ కడుపు నిండినట్టయింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, ఫోన్ అందుకుంది.

“ఆ అధ్యాయం తీయించేశాను సార్, మన కొట్టు మార్చక్కర్లేదు.”