పాత సామాను

ఊరూరా ఉన్నట్టే ఆ ఊళ్లోనూ రేషన్ కొట్టు పక్కన గుండె క్లినిక్కు ఉంది. ఆదెమ్మ ఆరింటికి లోపలికెళ్లి, టిఫిన్ల వేళకి నడుచుకుంటూ బయటికొచ్చింది. గుండెలో లీకవుతున్న వాల్వు బాగుచేశారట. తొడ మీద చిన్న ప్లాస్టరు తప్ప ఒంటిమీద గాటు లేదు.

ఆమె మొగుడు మస్తానయ్యకి నమ్మకం కుదరలేదు. నలభై ఏళ్లు నీళ్ల మోటార్లు బాగుచేసినవాడు. విప్పకుండా వాల్వు బాగుచెయ్యడం అతనెరగడు.

"తీసేసిన పాత సామాను చూపించమ్మా," అన్నాడు నర్సుతో.

"ఏమీ తియ్యలేదు తాతా. తొడ నరంలోంచి సన్నగొట్టం పంపి, లోపల క్లిప్పు పెట్టాం, అంతే."

"చూసిందాకా కదల్ను."

"అందరి ముందూ ఏందయ్యా నీ గోల!" అని కసిరింది ఆదెమ్మ. ఆ కసురు ఆయాసం లేకుండా వచ్చిందని అతను గమనించనే లేదు.

నర్సు విసుగ్గా లోపలికెళ్లి ఒక సీసా తెచ్చింది. అందులో తెల్లటి తునక తేలుతోంది. "ఇదిగో తాతా, పాతది."

మస్తానయ్య సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. అతని పనిపెట్టెలోనూ అరిగిపోయిన వాల్వు ఒకటి ఉండేది. అడిగిన ప్రతి రైతుకీ నలభై ఏళ్లూ దాన్నే చూపించాడు.

"పొద్దుట్నించి దీన్ని ఎంతమందికి చూపించావమ్మా?" అన్నాడు.