ఇన్‌స్పెక్టరమ్మ

"ఏమ్మా, ఈ బొంతని తొమ్మిది వందల కోట్లసార్లు ఉతకొచ్చా?"

ఫోన్లో ఎవరో పెద్దావిడ గొంతు. చిన్నక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఎవరండీ మీరు?"

"నీ చంటిపిల్లల బొంత కొన్నదాన్ని. లోపలి చీటీలో 'ఎన్నిసార్లు ఉతకవచ్చు' అన్నచోట ఇంత పొడుగు అంకె వేశారు. ఫోన్ నంబర్లా ఉందే అని కొట్టి చూశా."

చిన్నక్క కళ్ళెర్రజేసి భర్త వైపు తిరిగింది. కంప్యూటర్లో ఆ చీటీలు తయారుచేసిన మహానుభావుడు ఆయనే. బొంతలు అమ్మిపెట్టే యాప్ వాళ్ళ ఫారంలో కొట్టాల్సిన తమ ఫోన్ నంబర్ తీసుకెళ్ళి చీటీలో కొట్టాడు.

పార్సిల్లో మన నంబర్ పెట్టకూడదు. పెడితే యాప్‌లో పేజీ మూసేస్తారు. ఆ పేజీ మూతపడితే ఇల్లు మూతపడినట్టే. చిన్నక్క చేత్తో కుట్టే బొంతల మీదే కదా సంసారం నడుస్తోంది! ఆయన కూడా ఉద్యోగం మానేసి ప్యాకింగుకి కూర్చున్నాడాయె.

మిగిలిన చీటీలన్నీ ఆ క్షణమే చింపేసింది. ఆ ఒక్కటే గడప దాటింది.

"ఇంతకీ అందుకు కాదులే చేసింది," అంది పెద్దావిడ. "నీ దారం ముడులు పైకి తేలాయి. అవి ముడులు కావు తల్లీ, ముళ్ళు. పిల్ల వీపుకి గుచ్చుకుంటాయి."

"మూడొందల మంది కొన్నారండీ. ఒక్కరూ అనలేదు."

"కొన్నవాళ్ళ వీపుకి గుచ్చుకోదుగా! చంటిపిల్లలకి ఫోన్లుంటే తెలిసేది."

భర్త పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. చిన్నక్కకి ఒళ్ళు మండింది.

మరుసటి నెల ఆవిడ ఇంకోటి కొంది. "అంచు మరీ బిగించావు. ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయింది."

ఆ పై నెల మరోటి. "లోపలి పొర జారి మూలకి చేరింది చూడు."

"ఇదిగో, నీ ఇన్‌స్పెక్టరమ్మ!" అని భర్త సెల్యూట్ కొట్టి మరీ ఫోన్ అందించేవాడు.

"అంత నచ్చకపోతే తిప్పి పంపెయ్యండి అమ్మమ్మగారూ."

"తిప్పి పంపితే నీ పేజీకి మచ్చ కదే పిచ్చిపిల్లా. అవునూ, కొన్నవాళ్ళతో ఎప్పుడైనా మాట్లాడావా?"

"కుదరదండీ. నంబర్లన్నీ యాప్ దగ్గరే ఉంటాయి."

"మరి రెండో బిడ్డ పుడితే నిన్నెలా వెతుక్కుంటారు?"

"యాప్‌లో."

"యాప్ నిన్ను దాచేస్తే?"

చిన్నక్కకి ఇక ఓపిక పోయింది. "పొద్దున్నే ఏం మాటలండీ అవి! మీకు పనీపాటా లేదేమో గానీ నాకు చేతినిండా ఉంది. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి!"

పెట్టేసి, ఆ నంబర్ బ్లాక్ చేసింది.

నాలుగు రోజులకే అదే చిరునామాకి నాలుగో ఆర్డరు! చిన్నక్కకి ఉక్రోషం ముంచుకొచ్చింది. ముడులన్నీ పొరల మధ్యకి లాగేసింది. అంచు వదులుగా కుట్టింది. లోపలి పొరని జానెడుకో కుట్టు వేసి కదలకుండా పట్టేసింది. "ఇప్పుడు పెట్టు వంక!" అని గొణుక్కుంటూ మూట కట్టింది.

వంక పెట్టినా వినపడే దారి లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాతి వారమే యాప్ వాళ్ళు సొంతంగా బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. మొదటి పేజీ నిండా వాళ్ళవే. చిన్నక్క బొంత తొమ్మిదో పేజీకి పోయింది. తొమ్మిదో పేజీ దాకా ఎవడు చూస్తాడు?

మూడు వారాలు సూదిలో దారం ఎక్కలేదు. భర్త మళ్ళీ ఉద్యోగాల వేటలో పడ్డాడు. ఇన్నాళ్ళూ కొన్న వందల మందిలో ఒక్కరికి ఫోన్ చేద్దామన్నా చిన్నక్క దగ్గర ఆ బ్లాక్ చేసిన నంబర్ తప్ప ఇంకొకటి లేదు.

అప్పుడు మోగింది ఫోన్.

"చంటిపిల్లల బొంతలు కుట్టేది మీరేనా? మా కోడలికి నెలలు నిండాయి."

"మీకు నా నంబర్ ఎవరిచ్చారండీ?"

"ఒక పెద్దావిడ."

సాయంత్రానికి నలుగురు. వారం తిరిగేసరికి ముప్ఫైమంది. అందరిదీ ఒకటే మాట, ఒక పెద్దావిడ చెప్పిందని. చిన్నక్క ప్రతి నంబరూ పుస్తకంలో రాసుకుంది. పిల్ల పుట్టాక పేరు చెప్పమని కూడా అడిగింది.

ఆవిడ ఎవరో తెలియకేం? తలుచుకునేకొద్దీ చిన్నక్కకి సిగ్గు ముంచుకొచ్చింది. అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బ్లాక్ తీసేసి ఫోన్ చేసింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. బొంతలు కుట్టే చిన్నక్కనని చెప్పగానే అంది, "అత్తయ్య పోయి నాలుగు రోజులైందండీ."

ఒక్క వారం ముందు చేసి ఉంటే! చిన్నక్క కళ్ళు తుడుచుకుని, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"మీ ఇంట్లో పాపాయి బాగుందా?"

"పాపాయా? మా చిన్నాడికే ఇరవై నిండాయండీ!"

"మరి అన్ని బొంతలు ఎవరికి?"

"ఎవరికీ కాదు. మీవే కాదు, ఇంకా పదిమంది దగ్గర తెప్పించింది. అన్నీ కుట్లు విప్పి చూసేది. మీ నాలుగోది మాత్రం విప్పలేదు. చెంపకి ఆనించుకుని 'ఇక నాకు దిగుల్లేదే' అంది. పోయేముందు వారమంతా మంచంలోంచే అందరికీ ఫోన్లు చేసి మీ నంబర్ ఇచ్చింది."

"అందరికీ అంటే?"

"నలభై ఏళ్ళుగా తన దగ్గర బొంతలు కుట్టించుకున్న వాళ్ళకండీ. తన చెయ్యి పడిపోయాక, వాళ్ళందర్నీ ఎవరి చేతిలో పెట్టి పోవాలా అని ఏడాదిగా వెతుకుతూనే ఉంది పాపం."