తాయీ చితి సాక్షిగా

మంగలి ధోండిబా పొది విప్పగానే ద్వారక వెనక్కి జరిగింది. మొగుడు పోయి పదోరోజు. జుట్టుని రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది.

"చెయ్యి తియ్యవే! పుణేలో మేం తలెత్తుకు తిరగొద్దూ?" అని అత్తగారు గద్దించింది, అక్కడి విధవలు కట్టే ఎర్రచీర కొంగు తన గుండుమీదికి లాక్కుంటూ.

ధోండిబా కత్తి తీసి, చూసి, మళ్ళీ పొదిలో పెట్టేశాడు. "నావల్ల కాదమ్మగారూ. ఆడపిల్లలకి బడి పెట్టి, విధవలకి గుండు గీయొద్దని పోరాడిన మా అక్క తాయీ మొన్న పోయింది కదా. ఏ విధవ తలమీదా కత్తి పెట్టబోమని ఆవిడ చితి సాక్షిగా మంగళ్ళమంతా ఒట్టేసుకున్నాం."

అత్తగారు లేచింది. ఇక చంపేస్తుందనుకుని ద్వారక కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు.

"నా పద్దెనిమిదో ఏట నాకు గుండు గీసింది మీ అయ్యేరా," అంటోంది అత్తగారు. "నేనూ ఇలాగే జుట్టు పట్టుకుని ఏడిచాను. ఆయన చేత ఎవరూ ఒట్టు వేయించలేదేంరా?"