వేడినీళ్ల గిన్నె

"రేపటినుంచి ఆ అమ్మాయి రాదట బాబూ," అంటూ మేస్త్రి మడిచిన కాగితం ఒకటి బల్లమీద పెట్టి, చేతులు మళ్లీ ఏప్రాన్ జేబుల్లో దోపుకొన్నాడు.

"ఎందుకని?" కాగితం విప్పకుండానే అడిగాడు యజమాని.

కట్టుడు పళ్లు తయారుచేసే ఆ ల్యాబు ఆయన తండ్రి పెట్టింది. మేస్త్రి ఆ తండ్రి కాలంనుంచీ ఉన్నవాడు. అందుకే అరవై దాటిన యజమానిని ఇంకా 'బాబూ' అనే పిలుస్తాడు.

"బట్టల కొట్లో బిల్లులు కొట్టే పని దొరికిందట. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంది. ఇక్కడ ఇంటర్న్ అన్న పేరు తప్ప ఎనిమిది నెలలుగా ఏం ముట్టింది?"

"విద్య."

"విద్య ఇంటద్దె కట్టదు కదా బాబూ."

అద్దాల తలుపు అవతల ఆ అమ్మాయి కనబడుతూనే ఉంది. మైనం చెక్కే కత్తిని గుడ్డతో తుడిచి, అదే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొంటోంది. కాగితంమీద యజమాని సంతకం పడితే వెళ్లిపోవడమే.

"నేను మాత్రం నేర్చుకోలేదా?" యజమాని కుర్చీ వెనక్కి జరిపాడు. "సొంత తండ్రి దగ్గర నాలుగేళ్లు, పైసా తీసుకోకుండా. ప్లాస్టర్ గిన్నెలు కడిగి కడిగి వేళ్లు పగిలిపోయేవి."

"ఎందుకు నేర్చుకోలేదు! పన్నెండున్నరకల్లా మీ అమ్మగారు క్యారేజీ కూడా పంపేవారు. మోసుకొచ్చింది నేనే. ఈ పిల్ల పన్నెండున్నరకి కుళాయి దగ్గరికెళ్లి నీళ్లు తాగొచ్చి, తిన్నానని చెబుతుంది."

యజమాని చూపు ఒక్కసారి అద్దాలవైపు వెళ్లి వచ్చింది. ఆయన రాతిగుండె మనిషేం కాదు. కిందటేడు ఓ పనివాడి భార్య ఆస్పత్రిలో ఉంటే, ఎవరికీ చెప్పకుండా బిల్లు కట్టి వచ్చాడు. కానీ పద్ధతి విషయం వస్తే మాత్రం గీత గీసినట్టే.

"ఇది డబ్బు సంగతి కాదు మేస్త్రీ. నాన్న పెట్టిన నియమం మీకు తెలియనిదా? నేర్చుకొనేవాళ్ల పని గుమ్మం దాటకూడదు. పగలంతా మైనంలో పేర్చిన పళ్లు సాయంత్రానికి వేడినీళ్ల గిన్నెలో వేసి, మైనం కరిగించి, పళ్లు ఏరి డబ్బాలో పోయాల్సిందే. ఎవరికీ అందని పనికి జీతమేమిటి?"

"రోజూ కరిగిస్తూనే ఉంది. పొద్దున్నుంచి కళ్లు పొడుచుకొని పేర్చినదాన్ని, పొగలు కక్కే నీళ్లలో తన చేత్తో తనే వేస్తుంది. ఒక్కనాడు కూడా మొహం ముడుచుకోలేదు బాబూ. నేను చూళ్లేక పక్కకి తిరిగేవాణ్ణి."

"ఇంకో ఏడాది ఓపిక పట్టమనండి. చేయి కుదరొద్దూ?"

"కుదిరిందని ఎట్లా తెలుస్తుంది?"

"ఆ పిల్ల చేసిన సెట్టు ఒక్క మనిషి నోట్లోకి వెళ్లనివ్వండి. ఆ మనిషి నొప్పనకుండా రెండు పూటలా నమలనివ్వండి. ఆ రోజే, చేరిన రోజునుంచీ కలిపి జీతం ఇస్తాను."

"మాటమీద ఉంటారా?"

"నాన్న కుర్చీలో కూర్చొని చెబుతున్నాను మేస్త్రీ. ఇంతకంటే ఏం కావాలి?"

మేస్త్రి తల ఊపాడు. "మీ పళ్ల సెట్టు ఎలా ఉంది బాబూ? పెట్టుకొని రెండు నెలలు దాటింది," అన్నాడు.

యజమాని మొహం మెత్తబడింది. అంతకుముందువి రెండు మార్చాడాయన. ఒకటి చిగుళ్లను కోసేసేది. రెండోది నవ్వితే జారేది, దాంతో నలుగురిలో నవ్వడమే మానుకొన్నాడు. మూడోదానికి డాక్టర్ ఆయన చిగుళ్ల అచ్చు తీసి పంపినప్పుడు, మేస్త్రి వచ్చి ఆయన పెళ్లిఫోటో అడిగి పట్టుకెళ్లాడు. పళ్లు వచ్చాక చూసుకొంటే, ఎడమవైపు ముందుపన్ను కాస్త బయటికి వాలి ఉంది, వయసులో ఉన్నప్పటిలాగే. ఆ పన్నునే పట్టుకొని జీవితమంతా ఆటపట్టించిన భార్య పోయి నాలుగేళ్లు. ఆ పొద్దున ఆయన అద్దం ముందునుంచి కదల్లేకపోయాడు.

"పళ్లు పెట్టడం కాదు, నా మొహం నాకు తెచ్చిచ్చారు," అన్నాడు యజమాని. "మొన్న మనవరాలు ఏమందో తెలుసా? 'ఇప్పుడు నువ్వు ఫోటోలో తాతయ్యలా ఉన్నావు' అంది. మీ చేతులకి దండం పెట్టాలి మేస్త్రీ."

మేస్త్రి జేబుల్లోంచి చేతులు తీసి నెమ్మదిగా బల్లమీద ఆనించాడు. పది వేళ్లూ వణుకుతున్నాయి. వేలి ఉంగరం తగిలి బల్లమీది గాజుపలక టకటకమని సన్నగా చప్పుడు చేస్తోంది.

"ఈ చేతులు మైనం పట్టి ఆరు నెలలైంది బాబూ. మీ పెళ్లిఫోటో అడిగి తెచ్చింది నేనే. కానీ మూడు రోజులు దాన్ని ఎదురుగా పెట్టుకొని ఆ పళ్లు పేర్చింది అదిగో, ఆ పిల్ల. మూడోనాటి సాయంత్రం కూడా వాటిని వేడినీళ్లలో వేయబోతుంటే చేయి పట్టుకొని ఆపిన తప్పు మాత్రం నాది."