చుక్క చెవిలో దూది

గుర్రం చెవిలో దూది దొరికింది.

రఘుపతి దాన్ని వేలితో బయటికి లాగి వాసన చూశాడు. ఏదో నూనె. రెండో చెవిలో దూది లేదు గానీ లోపల నూనె మెరుస్తోంది.

"నా చుక్కకు మందు పెట్టిండ్రు!" అన్నాడు పళ్లు కొరుకుతూ.

చుక్క అతని తండ్రి కొమురెల్లి పెంచిన గుర్రం. తండ్రి పోయాడు. ఉన్న చేను బొగ్గు గని కిందికి పోయింది. తండ్రి గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. బస్సు లేని ఊరు కాబట్టి గోదావరిఖనిలో యూనివర్సిటీ కాలేజీకి రోజూ దాని మీదే వస్తాడు. కాలేజీ వెనక తుమ్మచెట్టుకు కట్టేసి లోపలికి పోతాడు.

మందు పెట్టిందెవరో వెతకాల్సిన పనే లేదు. మొన్ననే శ్యామ్ బెదిరించాడు. ఆఫీసరు కొడుకు, కొత్త బైకు మీద వస్తాడు.

"ఇది కాలేజీనా, గుర్రాల సంతా? నా బండి పక్కనే లద్దెలు! దీన్ని ఇక్కడ లేకుండా చేస్తా, చూడు."

ఆ మాట రఘుపతి గుండెల్లో ముల్లులా దిగింది.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ప్రహరీ చాటున కూర్చున్నాడు. చేతిలో తండ్రి కొరడా. ఏనాడూ చుక్క ఒంటి మీద పడనిది.

రెండు కావస్తుండగా ఒక ముసలాయన వచ్చి చెట్టుకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. చిరిగిన బనీను, భుజాన గళ్ల తువ్వాల.

గనిలో బ్లాస్టింగు సైరన్ మోగింది. ఆయన కదల్లేదు. దూరంగా మట్టిగుట్ట మీద పేలుడుకు గుర్తుగా ఎర్రజెండా లేచింది. అప్పుడు మాత్రం దిగ్గున లేచి గుర్రం దగ్గరికి ఉరికాడు. దాని చెవుల్లో దూది పెట్టాడు. తువ్వాల దాని తలకు చుట్టి, మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు.

ఇంకేం కావాలి! రఘుపతి గోడ దూకాడు.

"ఎవడు పంపిండురా నిన్ను? శ్యామ్ గాడేనా?"

ముసలాయన తలైనా తిప్పలేదు.

"నిన్నే! చెప్తవా, చెప్పవా?"

కొరడా వీపు మీద పడింది. ముసలాయన మెలికలు తిరిగిపోయాడు. చేతులు మాత్రం గుర్రం మెడను వదల్లేదు. గని వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఏందిరా? గనిల పడేస్తవా నన్ను?"

మళ్లీ కొట్టాడు. మళ్లీ.

ధన్‌మని మోత. కాళ్ల కింద నేల అదిరింది. అది రోజూ ఉండేదే. ఆ మోతకు అక్కడ చంటిపిల్లలు కూడా నిద్ర లేవరు. రఘుపతి పట్టించుకోనేలేదు.

మోత ఆగాక ముసలాయన తనంతట తానే తువ్వాల విప్పాడు. దూది తీశాడు. కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

అంత కొట్టినా నోరు విప్పడేం! ఎంత పొగరు! రఘుపతికి కసి తీరకపోగా రెట్టింపయింది.

తర్వాతి రోజు చాటుకు పోలేదు. నడి ఎండలో దారికి అడ్డంగా నిలబడ్డాడు.

సైరన్ మోగాక ముసలాయన మళ్లీ వచ్చాడు! బనీను వీపుకు అంటుకుపోయి ఉంది. గుప్పిట్లో దూది.

"సిగ్గు లేదురా నీకు?"

ముసలాయన చేతులు జోడించాడు. గుర్రాన్ని చూపించాడు. పక్కనుంచి తప్పించుకుని దాని దగ్గరికి పోబోయాడు. రఘుపతి మెడ పట్టి నెట్టాడు. కిందపడ్డవాణ్ని రోడ్డు దాకా ఈడ్చాడు. తువ్వాల రఘుపతి చేతికి ఊడొచ్చింది.

గుట్ట మీద ఎర్రజెండా లేచింది. దాన్ని చూసి ముసలాయన బావురుమన్నాడు.

ఆ ఏడుపు రఘుపతికి చల్లగా తగిలింది.

"ఏడువు! నా గుర్రం జోలికొస్తె గిట్లనే ఉంటది."

కొరడా ఝళిపించేసరికి ముసలాయన ఏడుస్తూనే రోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యాడు. మోత మోగింది.

వెనక నుంచి ఒక సకిలింపు. చుక్క గొంతు అలా ఉంటుందని రఘుపతికి అప్పటిదాకా తెలియదు. నిన్న తప్ప ఏ రోజూ రెండింటికి దాని పక్కన ఉన్నవాడు కాదు. క్లాసులో ఉండేవాడు.

తిరిగి చూసేసరికి తాడు తెగింది. చుక్క కళ్లు మూసుకుపోయినట్టు రోడ్డు మీదికి దూకింది. బొగ్గు లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. లాభం లేకపోయింది.

సాయంత్రం దాకా రఘుపతి దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. 'మందు తలకెక్కి పిచ్చెత్తింది. ఆ ముసలోడే చంపిండు.' ఇక ఇంకో ఆలోచన రాలేదు. వాడి ప్రాణం తీస్తే గానీ ఇంటికి పోనని లేచాడు.

రోడ్డు పక్క చాయ్ కొట్టులో తువ్వాల చూపించి అడిగాడు.

"గిది ఎవనిది?"

"ఆగయ్యది గాదా! రైలు కట్ట పక్కన గుడిసె."

గుడిసె ముందు ఆగయ్య భార్య పోశవ్వ పసుపు నూరుతోంది. తువ్వాలను చూడగానే ముఖం విప్పారింది.

"తెచ్చిచ్చినవా బిడ్డా! సల్లగుండు. ఎవడో పాపపోడు కొట్టిండు ఈయనను. ఎందుకు కొట్టిండో గూడ ఈయనకు సమజ్ కాలే."

"యాడున్నడు?" అన్నాడు రఘుపతి. కొరడా పిడి బిగించాడు.

ఆగయ్య వంగుకుంటూ బయటికి వచ్చాడు. రఘుపతిని చూశాడు. కొరడాను చూశాడు. పారిపోలేదు. రెండు అరచేతులూ చెవులకు మూసుకుని, కనుబొమలు ఎగరేసి, ఆత్రంగా అతని ముఖంలోకి చూశాడు.

"ఇంకా ఎక్కిరిస్తున్నవా?" కొరడా గాల్లోకి లేచింది.

పోశవ్వ అడ్డం ఉరికింది.

"ఎక్కిరిచ్చుడు గాదు బిడ్డా, గుర్రం పైలమేనా, ఏం గాలేదు గదా అని అడుగుతుండు! రాళ్ల క్వారీల గసొంటి మోతకే పసితనంల ఈయన రెండు చెవులు పోయినయ్, మాట గూడ రాలే, ఆ మూగజీవికి గట్ల కావద్దని రోజు నూనెల ముంచిన దూది పట్కొని పోతడు."