ఎడమ దిక్కు చలి

అత్త ఐలవ్వ బంగారు గుండ్ల దండ కొట్టేసిన రాంచందర్, దాన్ని చేతిరుమాల్లో మూటగట్టి తన కారులో ఎడమ పక్క గాలి వచ్చే గొట్టంలోకి తోసేశాడు. బోథ్‌లో అమ్మబోతే ప్రతి కంసాలీ గుర్తుపడతాడు. ఆదివారం కరీంనగర్‌లో పెళ్లుంది. అక్కడ అమ్మేసి, కారులో ఊరు దద్దరిల్లే స్పీకర్లు పెట్టించాలని అతని ఆశ.

దొరికిపోతే మాత్రం బతుకు బజారే. అత్తగారింట్లోనే తిని అక్కడే పడుకునే ఇల్లుటం అల్లుడు మరి. అయినా అతనికో ధైర్యం ఉంది. మా దిక్కు అత్తలు అల్లుణ్ని మొహం మీద ఒక్క మాట అనరు. మరీ కోపమొస్తే అతని ముందు కోడిని తిడతారు.

భార్య నవత బియ్యం డబ్బాలు కూడా బోర్లించి వెతికింది. ఐలవ్వ మాత్రం, "యాడనో పెట్టి మర్శిన, దొరుకుతది తియ్" అని ఊరుకుంది. ముసలామెకు మతిమరుపొచ్చిందని అల్లుడు సంబరపడ్డాడు.

మోకాళ్ల నొప్పికి దవాఖానలో కరెంటు పెట్టించడానికి ఆమెను రోజూ ఆదిలాబాద్ తీసుకుపోవాలి. మార్గశిర మాసం చలి. కారు పాతదే గానీ దర్జాది. హీటరు తిప్పడానికి డ్రైవరుకో నాబు, పక్కవాళ్లకో నాబు. నీలం గీత మీద పెడితే చల్లన, ఎర్ర గీత మీద పెడితే వెచ్చన. కొన్న రోజు రాంచందరే అత్తకు తిప్పి చూపించి గొప్పలు పోయాడు.

మంగళవారం స్పీడు బ్రేకర్ మీద కారు ఎగిరింది. గొట్టంలో గలగలమంది. రాంచందర్ గట్టిగా దగ్గి పాట పెంచాడు. ఐలవ్వ పత్తి చేలు చూస్తూ కూర్చుంది.

బుధవారం నుంచి మొదలైంది గోల.

"అల్లుడా, నీ దిక్కు ఎండకాలమున్నది. నా దిక్కు ఐసు లెక్క కొడ్తుంది."

రాంచందర్ గొట్టం వైపు ఓరగా చూశాడు. మూట అడ్డం పడ్డట్టుంది!

"పాత బండి గదత్తమ్మా. చెద్దరు కప్పుకో."

కప్పుకుంది. చెద్దరు సగం ఆమె మీద, సగం డ్యాష్‌బోర్డు మీద.

శుక్రవారం ఆదిలాబాద్ చేరగానే ఐలవ్వ మొండికేసింది. "పండ్లు కొట్టుకుంటున్నయ్. గీ బండిల నేను పెండ్లికి రాను, నవతను గూడ పోనియ్య. ముందుగాల మెకానిక్ జబ్బార్‌కు చూపియ్యి."

జబ్బార్ ఇంజను నీళ్లు చూశాడు. నిండుగా ఉన్నాయి. హీటరుకు పోయే పైపులు పట్టి చూశాడు. రెండూ కాలుతున్నాయి. చివరికి ఐలవ్వ పక్క తలుపు తీసి, చెద్దరు కొస ఎత్తి చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"గాలి జోరుగనే వస్తుంది భాయ్. గని సల్లగ వస్తుంది."

"లోపల ఏం అడ్డం లేదు!" అన్నాడు రాంచందర్.

అడ్డముందా అని ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే.

"ఫికర్ చేయకు," అన్నాడు జబ్బార్. "డ్యాష్‌బోర్డు మొత్తం ఇప్పి, గొట్టాలన్ని బయటికి తీస్త. రేపు పొద్దుగాల తీసుకరా. అవ్వను, మీ ఇంటామెను గూడ తోలుకరా. అందరి ముందటనే ఇప్పుత."

ఆ సాయంత్రం కారు కడిగే వంకతో రాంచందర్ వేళ్లు దోక్కుపోయేలా మూట బయటికి లాగి, దండను అత్త పెట్టెలో చీరల కింద దాచాడు. స్పీకర్లు తలుచుకుంటే ఏడుపొచ్చింది. పరువు దక్కింది కదా అని కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లారేసరికి దండ ఐలవ్వ మెడలో ఉంది. "పెట్టెలనే ఉన్నది బిడ్డా. ఉత్తగ పరేషాన్ అయినం," అంది కూతురితో.

ముగ్గురూ కారెక్కారు. రాంచందర్ తాళం తిప్పాడు.

"జర ఆగు అల్లుడా. జబ్బార్‌తోని ఇంక పనిలేదు," అంటూ ఐలవ్వ చెద్దరు తీసి మడిచి పక్కన పెట్టి, తన ముందున్న నాబును నీలం గీత మీంచి ఎర్ర గీత మీదికి తిప్పింది.