నాలుగు సెకన్లు

పోయినవాళ్ల మాటలన్నీ డిస్కుల్లో దాచుకుని, వాళ్లతో రోజూ మాట్లాడుకోవడం కాకినాడలో ఇంటింటా అలవాటైపోయిన రోజులవి. రత్నమాల భర్త డిస్కు పాతబడి, రిపేరుకొచ్చింది. షాపులో హైమ దాన్ని మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పెట్టి చూసింది. పాతదాని మీద జవాబుకు నాలుగు సెకన్లు, రెండోదాని మీద రెండు, కొత్తదాని మీద రెప్పపాటు. వేగం పెరిగితే ఎవరు కాదంటారు? షాపు పద్ధతి ప్రకారం మాటలన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, పాతది తుడిచేసింది.

"ఏవండీ, ఇవాళ కూరేం వండమంటారు?" అని డిస్కును అడిగింది, షాపుకొచ్చిన రత్నమాల.

"వంకాయ," అంది డిస్కు, ప్రశ్న పూర్తయ్యీ కాకముందే.

ఆమె ముఖం వాడిపోయింది. "ఈయన మా ఆయన కాదమ్మా. ఉన్నప్పుడూ, పోయాకా కూడా, కాసేపు ఆలోచించి గానీ చెప్పేవారు కాదు."

పోయాక వచ్చిన ఆ ఆలస్యం డిస్కు మాటలు వెతుక్కునే ఆలస్యమేనని హైమకు తెలుసు. నాలుగు సెకన్లు ఆగి పలికేలా సరిచేసి, మళ్లీ అడగమంది.

రత్నమాల అడిగింది. సరిగ్గా నాలుగు సెకన్లకు, "వంకాయ."

ఆమె డిస్కును కొంగులో చుట్టుకుని లేచింది.

"ఆగుతున్నారమ్మా," అంది. "ఆలోచించడం లేదు."